పుట తిప్పాలా.. తెర జరపాలా?

కాగితంపైనే పల్లె పాఠకుడి మమకారం
పాత గ్రంథాలకు ఊపిరి పోసిన ఈ-పుస్తకం
కొత్త తెలుగు పుస్తకం దగ్గరే చిక్కు

గరివిడి: ఇద్దరు పుస్తకప్రియులు ఒకచోట కలిస్తే ఇప్పుడు తప్పనిసరిగా తలెత్తే ప్రశ్న ఒకటుంది. అచ్చు పుస్తకం మేలా? ఈ-పుస్తకం మేలా? కాగితం వాసన, పుట తిప్పే చప్పుడు, అంచున పెన్సిలుతో రాసుకున్న మాట ఎక్కడ దొరుకుతాయని ఒకరు అడుగుతారు. జేబులో వెయ్యి పుస్తకాలు, కోరిన క్షణంలో కోరిన పుట ఎవరిస్తారని మరొకరు ఎదురడుగుతారు. నగరాల్లో ఇది అభిరుచులకు సంబంధించిన వాదం. గరివిడి వంటి మండల కేంద్రాల్లో ఇదే ప్రశ్న మరో రూపం సంతరించుకుంటోంది. ఇక్కడి పాఠకుడు ఏది ఇష్టమో తేల్చుకునే ముందు ఏది తన దాకా వస్తుందో చూసుకోవాల్సి వస్తోంది.

కొనాలంటే బస్సెక్కాల్సిందే

మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం పుణ్యమా అని ఎదిగిన ఊరు గరివిడి. శ్రీరాంనగర్‌లో డిగ్రీ కళాశాల ఉంది. పశువైద్య కళాశాల ఉంది. హౌరా-చెన్నై రైలు మార్గంలో స్టేషన్ ఉంది. చదువుకున్నవారికీ, చదువుకుంటున్నవారికీ కొదవ లేదు. అయితే ఇటువంటి ఊళ్లలో పుస్తకాల దుకాణమంటే పాఠ్యపుస్తకాలు, గైడ్లు, నోటు పుస్తకాలు అమ్మే చోటనే అర్థం. ఒక కథా సంపుటమో, నవలో, చరిత్ర గ్రంథమో కావాలంటే విజయనగరం బస్సెక్కాలి. అక్కడా దొరక్కపోతే విశాఖపట్నం పోవాలి. రానుపోను చార్జీలు, పోయిన పూట పని లెక్కవేసుకుంటే నూట యాభై రూపాయల పుస్తకం ఖరీదు రెట్టింపు దాటుతుంది.

ఒకప్పుడు పరిస్థితి కొంత భిన్నం. డెబ్బై, ఎనభై దశకాల్లో చిన్న పట్టణాల్లో సైతం నవలలు అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి. వారపత్రిక వచ్చే రోజు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. టీవీ సీరియళ్ల ధాటికి ఆ దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ ఖాళీని ఈ-పుస్తకం పూరిస్తుందని పదిహేనేళ్ల క్రితం చాలామంది ఆశించారు. అది ఏ మేరకు నెరవేరిందో పరిశీలిస్తే మిశ్రమ చిత్రమే కనిపిస్తుంది.

కథల సీమలో కొత్త తలుపు

ఉత్తరాంధ్ర ఆధునిక తెలుగు వచనానికి పుట్టినిల్లు వంటిది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'తో గురజాడ అప్పారావు వాడుక భాషకు పట్టం కట్టారు. గిడుగు రామమూర్తి ఆ భాష కోసమే జీవితం ధారపోశారు. విజయనగరం నుంచి చాగంటి సోమయాజులు, విశాఖ నుంచి రాచకొండ విశ్వనాథశాస్త్రి, శ్రీకాకుళం నుంచి కాళీపట్నం రామారావు తెలుగు కథను ముందుకు నడిపించారు. ఇంతటి సంపద మధ్య నివసిస్తున్న యువతకు ఆ పుస్తకాలు చేతికి అందడం ఎలా అన్న ప్రశ్నకు ఈ-పుస్తకం కొంతవరకు సమాధానం చూపింది.

దీనికి చక్కని ఉదాహరణ శ్రీకాకుళంలోని కథానిలయం. లావేరు మండలం మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న దీనిని ప్రారంభించారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి పుటనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. ఎవరి ఇంటి అటక మీదో చెదలు పట్టబోతున్న పాత పత్రికలు అక్కడికి చేరాయి. కాలక్రమంలో వాటిలో అనేకం స్కానింగ్ చేయించి వెబ్‌సైటులో ఉంచారు. గరివిడి నుంచి రైల్లో ఆమదాలవలస, అక్కడి నుంచి శ్రీకాకుళం వెళ్లి చూడాల్సిన కథను ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు కలిగింది. 2021 జూన్ 4న కారా మాస్టారు కన్నుమూశారు. ఆయన పోగుచేసిన కాగితాలు మాత్రం ఇప్పుడు రెండు రూపాల్లో బతుకుతున్నాయి. అక్కడ కాగితం, తెర పరస్పరం పోటీ పడలేదు. కాగితం భద్రపరచింది, తెర పంచిపెట్టింది.

దేశవ్యాప్తంగా జరిగిన మరో ప్రయత్నం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్తగా పేరుగాంచిన రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో ఇది భాగం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రధాన పాత్ర పోషించింది. తెలుగు గ్రంథాలు వేల సంఖ్యలో దీని ద్వారా అంతర్జాలానికి ఎక్కాయి. ఆ వెబ్‌సైటు తరువాత నిలిచిపోయినా, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. దుకాణాల్లో ఏనాడో కనుమరుగైన పుస్తకాలు ఇవాళ పల్లెటూరి ఫోన్లోకి వస్తున్నాయంటే ఆ కృషి ఫలితమే. అయితే పని హడావుడిగా సాగిన ఆనవాళ్లూ ఉన్నాయి. కొన్నింటిలో పుటలు తలకిందులయ్యాయి, కొన్నింట అంచులు తెగిపోయాయి. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో తప్పులతడకగా నమోదు చేయడంతో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకని సందర్భాలు అనేకం.

2016.. చేజారిన అవకాశం

పాత పుస్తకం సంగతి ఇలా ఉంటే, కొత్త పుస్తకం కథ వేరు. 2016 సెప్టెంబరులో జియో రాకతో అంతర్జాలం ధర ఒక్కసారిగా పడిపోయింది. కళాశాల విద్యార్థి నుంచి వ్యవసాయ కూలీ దాకా అందరి చేతికీ ఇంటర్నెట్ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలకు తలుపు తెరిచింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం.. ఈ ఐదింటికీ చోటు దక్కింది. తెలుగుకు దక్కలేదు. పాఠకుల చేతికి అంతర్జాలం వచ్చిన ఏడాదే, పుస్తకం వచ్చే ప్రధాన ద్వారం తెలుగుకు తెరుచుకోలేదు.

తెలుగువారు తమంతట తాము చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. 2010 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మొదలైన 'కినిగె' తెలుగు ఈ-పుస్తకాలను అమ్మడంతోపాటు అద్దెకూ ఇచ్చింది. పాత అద్దె దుకాణం కొత్త రూపంలో తిరిగొచ్చినట్లయింది. 2014లో బెంగళూరులో ప్రారంభమైన 'ప్రతిలిపి' తెలుగులోనూ కథలు, సీరియళ్లకు వేదికైంది. రైల్లోనో, రాత్రి పడక మీదో ఫోన్లో ధారావాహికలు చదివే అలవాటు ముఖ్యంగా మహిళల్లో పెరగడానికి ఇటువంటి వేదికలు దోహదపడ్డాయి. ఒకనాటి వారపత్రిక సీరియల్ స్థానాన్ని ఇవి కొంత ఆక్రమించాయనవచ్చు. పేరున్న ప్రచురణకర్తల కొత్త పుస్తకాలు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా కాగితం మీదే వస్తున్నాయి.

అక్షరం ఫొటోతో అవస్థ

ఇందుకు సాంకేతిక కారణమూ ఉంది. తెలుగు పుస్తకాలు దశాబ్దాలుగా డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఫాంట్లతో తయారవుతున్నాయి. కాగితం మీద ఆ అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ ఫైలును ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి సంకేత వ్యవస్థ అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ప్రచురణ రంగం అందులోకి మారడంలో తీవ్ర జాప్యం జరిగింది. ఫలితంగా తెలుగులో ఈ-పుస్తకం అంటే ఎక్కువ సందర్భాల్లో అచ్చు పుటకు తీసిన ఫొటోయే. దానికే పీడీఎఫ్ అని పేరు.

ఇంగ్లిషు ఈ-పుస్తకంలో అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెరకు తగినట్టు సర్దుకుంటుంది. తెలుగు పీడీఎఫ్‌లో అక్షరంతోపాటు పుట మొత్తం పెద్దదై తెర దాటిపోతుంది. పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము ఉండే లిపి మనది. చిన్న తెరపై ఒత్తులు కలిసిపోయి కనిపిస్తాయి. రెండు వేళ్లతో పుటను సాగదీసి, వరుస వరుసకూ ఎడమ నుంచి కుడికి జరుపుకొంటూ నాలుగు వందల పుటల నవల చదవడమంటే మాటలు కాదు. పది పుటలకే కన్ను అలసిపోతుంది. పల్లె పాఠకుడు ఈ-పుస్తకం నచ్చదన్నప్పుడు అతడు కాదంటున్నది చాలావరకు ఈ ఫొటో పుస్తకాన్నే. సరిగా తయారైన తెలుగు ఈ-పుస్తకాన్ని అతడు చూసిన సందర్భాలే తక్కువ.

దీని వల్ల ఎక్కువ నష్టపోతున్నది చూపు మందగించిన వృద్ధులు, అంధులు. యూనికోడ్ పాఠమైతే యంత్రం చదివి వినిపించగలదు. ఫొటోను చదవాలంటే ముందు దానిని అక్షరాలుగా మార్చుకోవాలి. అంధులకు పుస్తకాలు అందుబాటులోకి తెచ్చే మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది భారతదేశమే. ఆ ఫలం తెలుగు అంధ పాఠకుడికి పూర్తిగా దక్కాలంటే పుస్తకం అక్షర రూపంలో ఉండాలి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పాత పుస్తకాలను పుట పుటా సరిచూసి యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. జీతం ఆశించకుండా సాగుతున్న ఈ పని విలువ గుర్తించాల్సి ఉంది.

ఫోన్లోంచి మళ్లీ కాగితంపైకి

యువత అంతా తెరకు అలవాటుపడిపోయిందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఏ కళాశాల దగ్గరి జిరాక్స్ షాపు ముందు అరగంట నిలబడినా ఆ మాట సగమే నిజమని తేలుతుంది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించుకుని వెళ్లే విద్యార్థులే అక్కడ ఎక్కువ. 2025లో 16 వేలకు పైగా ఉపాధ్యాయ ఖాళీల కోసం మెగా డీఎస్సీ జరిగినప్పుడు అభ్యర్థులు వర్తమాన వ్యవహారాలను ఫోన్లో చూసుకున్నా, సిలబస్‌ను మాత్రం కాగితం మీదే పట్టుకున్నారు. తెర మీద వచ్చిన దానిని కాగితం మీదికి మార్చుకునేందుకు సొంత డబ్బు ఖర్చు చేస్తున్నారంటే వారి మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు.

పరిశోధనలూ ఈ అనుభవాన్ని బలపరుస్తున్నాయి. స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 నుంచి 2017 వరకు వెలువడిన 54 అధ్యయనాలను క్రోడీకరించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో పాల్గొన్నవారి సంఖ్య 1.70 లక్షలకు పైమాటే. విషయ ప్రధానమైన పాఠాన్ని కాగితంపై చదివినవారికే మెరుగ్గా అర్థమైందని, సమయం తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా మరింత పెరిగిందని వెల్లడైంది. కథల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పరీక్షకు చదివేవారికి కాగితం, కాలక్షేపానికి చదివేవారికి ఏదైనా ఒకటేనన్నమాట. సాంకేతికతలో ముందున్న అమెరికాలో సైతం 2021లో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో అంతకుముందు ఏడాది కాలంలో అచ్చు పుస్తకం చదివామన్న వయోజనులు 65 శాతం ఉంటే, ఈ-పుస్తకం చదివామన్నవారు 30 శాతమే.

పాఠశాలల విషయంలో ఈ ఫలితాలను ప్రత్యేకంగా గమనించాలి. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి సుమారు 5 లక్షల ట్యాబ్‌లు పంపిణీ అయ్యాయి. పేద విద్యార్థికి తెర అందడం మంచిదే. ఆ తెర పాఠ్యపుస్తకానికి తోడుగా ఉండాలి. దాని స్థానంలోకి వస్తే ఇబ్బంది తప్పదు.

తుపాను నేర్పిన పాఠం

ఈ ప్రాంతవాసులకు ఈ వాదంలో ఉభయపక్షాల బలహీనతనూ చూపిన సంఘటన ఒకటుంది. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను అతలాకుతలం చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జింగు లేక సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఆ చీకటి రాత్రుల్లో కొవ్వొత్తి వెలుగులో చదువుకోవడానికి పనికొచ్చింది కాగితం పుస్తకమే. పైకప్పు ఎగిరిపోయిన ఇళ్లలో తడిసి ముద్దయి, ఎండబెట్టినా పుటలు విడిపోని స్థితికి చేరిందీ ఆ కాగితం పుస్తకమే. నాలుగేళ్లకు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో అదే అనుభవం మిగిల్చింది. చెదలు, చెమ్మ, తుపాను ఏటా పలకరించే తీరప్రాంతంలో ఒక పుస్తకానికి అచ్చు ప్రతి ఒక్కటే ఉండడం ఎంత ప్రమాదమో, కరెంటు మీదే ఆధారపడడమూ అంతే ప్రమాదం.

ఉచితం వెనుక నష్టం

ఈ-పుస్తకం పేరిట జరుగుతున్న మరో వ్యవహారం రచయితలను, ప్రచురణకర్తలను కలవరపెడుతోంది. కొత్తగా వచ్చిన పుస్తకాన్ని ఎవరో స్కానింగ్ చేసి టెలిగ్రామ్, వాట్సాప్ బృందాల్లో వదులుతున్నారు. చదివేవారిలో చాలామందికి అది తప్పన్న ఎరుక కూడా ఉండడం లేదు.

మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవే. ఆ లెక్కన 1915లో మరణించిన గురజాడ, 1940లో మరణించిన గిడుగు రచనలను ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోవచ్చు. 1993లో మరణించిన రావిశాస్త్రి రచనలపై 2053 చివరి వరకు, 1994లో మరణించిన చాసో కథలపై 2054 చివరి వరకు, కారా కథలపై 2081 చివరి వరకు హక్కులు ఉంటాయి. వెయ్యి ప్రతులు, కొన్నిసార్లు ఐదు వందల ప్రతులు మాత్రమే అచ్చువేసే తెలుగు ప్రచురణ రంగంలో యాభై ప్రతుల అమ్మకం తగ్గినా ఆ ప్రభావం తరువాతి పుస్తకంపై పడుతుంది. చట్టబద్ధంగా కొనుక్కుందామంటే ఈ-పుస్తకం దొరకదు, దొంగ ప్రతి మాత్రం క్షణంలో వస్తుంది. ఈ పరిస్థితి కొనసాగినంత కాలం పాఠకుడిని ఒక్కడినే తప్పుపట్టి ప్రయోజనం లేదు.

పన్నుల్లోనూ రెండింటినీ ఒకే తీరున చూడలేదు. అచ్చు పుస్తకాలపై జీఎస్టీ లేదు. ఈ-పుస్తకాలపై తొలుత 18 శాతం విధించి, అచ్చు రూపం కూడా ఉన్న పుస్తకాలకు 2018 జులైలో దానిని 5 శాతానికి తగ్గించారు.

పన్ను కడుతున్నది పాఠకుడే

ఇన్ని చిక్కుల నడుమ పల్లె పాఠకుడికి దారి చూపగలిగినవి రెండున్నాయి. ఒకటి తపాలా. 2024 డిసెంబరులో పుస్తకాల రిజిస్టర్డ్ తపాలాకు ఉన్న రాయితీ విభాగాన్ని తొలగించడంతో చిన్న ప్రచురణకర్తలు బెంబేలెత్తారు. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' పేరిట కొత్త సేవ అందుబాటులోకి వచ్చింది. పన్నులు కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోలకు 100 రూపాయల చార్జీ నిర్ణయించారు. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకే పార్సిల్‌గా పుస్తకాలు తెప్పించుకుంటే విజయనగరం బస్సు చార్జీ కంటే తక్కువే పడుతుంది. ఈ సేవ గురించి గ్రామీణ ప్రాంతాల్లో మరింత ప్రచారం కావాలి.

రెండోది గ్రంథాలయం. తెలుగునాట గ్రంథాలయం ప్రజా ఉద్యమంగా పుట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి పఠనాలయాలు పెట్టించారు. ఆ వారసత్వంతోనే 1960లో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ అదనంగా 8 పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేస్తున్నారు. అంటే పుస్తకం చదివినా చదవకపోయినా ప్రతి ఇంటి యజమానీ గ్రంథాలయానికి చందా కడుతున్నట్లే. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కావడం లేదన్న విమర్శ రాష్ట్రమంతటా ఏళ్ల తరబడి ఉంది. నిధులు లేకుంటే కొత్త పుస్తకాలు రావు. కొత్త పుస్తకాలు లేకుంటే పాఠకుడు దినపత్రిక చదివి లేచిపోతాడు.

శాఖా గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నిరంతర అంతర్జాలం ఉంటే అచ్చు పుస్తకానికీ ఈ-పుస్తకానికీ మధ్య ఉన్న గోడ సగం కూలుతుంది. కథానిలయంలోని కథను, జాతీయ డిజిటల్ గ్రంథాలయంలోని పాఠాన్ని పెద్ద తెరపై చదువుకోవచ్చు. హక్కులు తీరిన పుస్తకాలను ప్రింటు తీసుకోవచ్చు. అలవాటు లేని పెద్దలకు గ్రంథాలయాధికారి చేయూతనివ్వగలరు. ప్రభుత్వం గ్రంథాలయాలకు పుస్తకాలు కొనేటప్పుడు యూనికోడ్ ప్రతిని కూడా అందజేయాలని ప్రచురణకర్తలకు షరతు పెడితే, ఫొటో పుస్తకం బెడద క్రమంగా తగ్గుతుంది. వీటిలో ఏదీ కోట్ల రూపాయల పథకం కాదు.

తాళపత్రం నుంచి అచ్చుకు మారినప్పుడూ ఇటువంటి సందేహాలే తలెత్తాయి. చివరకు నిలిచింది చేతికి సులువుగా అందినదే. ఉత్తరాంధ్ర పాఠకుడికి కాగితం మీద మమకారం ఉంది, తెర మీద ద్వేషం లేదు. గురజాడ నడిచిన జిల్లాలో గురజాడ పుస్తకం కోసం ఒక విద్యార్థి ముప్పై కిలోమీటర్ల దూరం పోవాల్సిన అగత్యం లేకుండా చూడాలి. అది అచ్చు రూపంలో వస్తుందా, అక్షర రూపంలో ఫోన్లోకి వస్తుందా అన్నది ఆ తరువాతి మాట. ఆ దిశగా గ్రంథాలయ సంస్థలు, ప్రచురణకర్తలు ఇప్పటికైనా అడుగు వేయాల్సిన అవసరం ఎంతైనా ఉంది.